మంచం దగ్గర మనిషి: తుదిదశ తోడుకు ఉన్నత శిక్షణ

మన తెలుగు కథల్లో చావులకు కొదవలేదు. తండ్రులు చనిపోతారు, తల్లులు చనిపోతారు, కవులు క్షయతో పోతారు, ఉప్పెనలో ఊళ్ళకు ఊళ్ళే పోతాయి. కాని మీకు గుర్తున్న కథలు ఓ నాలుగు తీసి ఆ ఘట్టాల్ని మళ్ళీ చదవండి. డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని తల అడ్డంగా వూపుతాడు. ఆ తర్వాతి పేరాలో పాడె కడుతుంటారు. ఈ రెండు పేరాల మధ్య నిజజీవితంలో పదిరోజులుంటాయి. ఒక్కోసారి మూడు నెలలుంటాయి. ఆ రోజుల్లో దుప్పటి మార్చిందెవరు? వీపు మీద పుండు కడిగిందెవరు? రాత్రి రెండింటికి "నేను బతుకుతానా?" అని అడిగితే జవాబు చెప్పిందెవరు? కథ చెప్పదు. కథకుడికి తెలియక చెప్పలేదా, తెలిసీ అది కథకు తగిన వస్తువు కాదనుకున్నాడా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచీ శ్రమను సాహిత్యంలోకి తీసుకురావాలని చెప్పుకుంటూ వస్తున్నాం. తెచ్చాం కూడా. నాట్లు వేసే శ్రమ, రిక్షా తొక్కే శ్రమ, బొగ్గుగని శ్రమ, ఆఖరికి ఇంట్లో ఆడవాళ్ళ వంటింటి శ్రమ కూడా వచ్చింది. రోగం ఇంటి ఆర్థికాన్ని ఎలా కొరుక్కు తింటుందో చాసో "వాయులీనం"లో చూపించాడు. అయితే చనిపోతున్న మనిషి పక్కన కూర్చునే శ్రమ మాత్రం దాదాపుగా మన చూపులో పడలేదు. ఇవాళ ఆ శ్రమకు దేశదేశాల్లో ఒక శిక్షణ ఏర్పడింది, శిక్షణ మీద మళ్ళీ ఉన్నత శిక్షణ కూడా వచ్చింది. అందులో ఏం నేర్పుతారో తెలిస్తే, మనం రాయకుండా వదిలేసిందేమిటో కూడా తెలుస్తుంది. సాహిత్య పత్రికలో ఈ విషయం ఎత్తుకోవటానికి కారణం అదే.

అమెరికాలో, ఇంగ్లండులో ఈ పనివారిని "ఎండ్ ఆఫ్ లైఫ్ డూలా" అంటున్నారు. డూలా అనేది గ్రీకు మాట. బానిస స్త్రీ, దాసి అని అర్థం. 1970లలో డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త బాలింతకు తోడుండే స్త్రీని గురించి రాస్తూ ఈ మాటను వాడుకలోకి తెచ్చింది. 2003లో న్యూయార్కులో హెన్రీ ఫెర్స్కో-వైస్ అనే సామాజిక కార్యకర్త, పురిటి డూలాలను చూసి, చనిపోయేవారి దగ్గర కూర్చునేవారికి కూడా అలాంటి శిక్షణే ఇవ్వటం మొదలుపెట్టాడు. 2015లో అదొక అంతర్జాతీయ సంస్థ అయింది. ఇప్పుడు విశ్వవిద్యాలయాలు కూడా సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. ఒక నాగరికత తాను దాసీలచేత చేయించుకున్న పనికి రెండువేల ఏళ్ళు పోయాక, దాసి అన్న పేరుతోనే, ఫీజు పుచ్చుకుని పట్టా ఇస్తోంది! చరిత్రలో ఇలాంటి వ్యంగ్యాలు ఎవరూ కల్పించనక్కర్లేదు.

మనకు ఆ మాట అవసరం లేదనుకుంటాను. పుట్టుకవైపు మనకు మంత్రసాని వుంది. "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అన్న సామెతలో ఆ వృత్తి ధర్మం మొత్తం వుంది. చావు అయిపోయాక అటువైపు కాటికాపరి వున్నాడు. ఈ కాటికాపరికి మన డెల్టాలో దక్కిన గౌరవం విచిత్రమైనది. బలిజేపల్లి లక్ష్మీకాంతం "సత్యహరిశ్చంద్రీయం" ఆడుతుంటే కాటి సీను కోసం జనం తెల్లవార్లూ మేలుకుని కూర్చునేవారు. నటులు అందులోకి జాషువా శ్మశానవాటి పద్యాలు తెచ్చి పాడితే వన్స్ మోర్లు పడేవి. తెల్లవారాక ఊళ్ళో నిజం కాటికాపరిని అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. అది వేరే సంగతి. పుట్టుకకూ పేరుంది, కాటికీ పేరుంది. ఆ రెండింటి మధ్య చావు మంచం దగ్గరి మనిషికి మాత్రం పేరు లేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు "ఆయన దగ్గర ఎవరు కూర్చున్నారు?" అని అడుగుతారు. ఆ వాడుకనే తీసుకుని మంచం దగ్గర మనిషి అని ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ఈ శిక్షణకు తల్లివేరు 1967లో లండనులో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్. ఆవిడ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త, ఆ పైన డాక్టరు. నొప్పి ఒక్క శరీరానిదే కాదని, అప్పు, భయం, కొడుకుతో మాటల్లేకపోవటం, దేవుడి మీద కోపం అన్నీ కలిసి ఒక్క నొప్పిగా మనిషిని పట్టుకుంటాయని ఆవిడ చెప్పింది. దానికి సంపూర్ణ బాధ అని పేరు పెట్టింది. ఉపశమన వైద్యమంతా ఆ ఒక్క ఆలోచన మీద నిలబడింది. డాక్టరు, నర్సు శరీరం బాధ చూస్తారు. మంచం దగ్గర మనిషి మందు ఇవ్వకూడదు, మోతాదు మార్చకూడదు, ఇంజక్షను జోలికి పోకూడదు. ఇది మొదటి పాఠం. తక్కిన బాధల దగ్గర కూర్చోవటమే ఈ మనిషి పని.

ప్రాథమిక శిక్షణలో నేర్పేవి చేతి పనులు. రెండుగంటలకొకసారి ఒత్తిగిలించి పడుకోబెట్టటం, దుప్పటి ముడతలు తీయటం, నోరు తుడవటం, మలమూత్రాలు శుభ్రం చేసేటప్పుడు ఒంటిమీద బట్ట పూర్తిగా తీసేయకుండా సగం సగంగా చెయ్యటం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, ఒక వృద్ధుడి మానం మీద ఒక సమాజానికి ఎంత పట్టింపు వుందో అందులో తేలిపోతుంది. ఉన్నత శిక్షణ ఇవి వచ్చినవాళ్ళకే. అక్కడ చేతుల పని తక్కువ. కళ్ళ పని, చెవుల పని ఎక్కువ.

ముందు కళ్ళ పని. శరీరం ఆగిపోయేముందు కొన్ని గుర్తులు ఇస్తుంది. ముద్ద దిగదు. నిద్ర పెరుగుతుంది. పాదాలు చల్లబడి మోకాళ్ళ మీద ఊదారంగు మచ్చలు తేలతాయి. ఊపిరి వేగంగా సాగి, నెమ్మదించి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో డబ్లినులో పనిచేసిన చెయిన్, స్టోక్స్ అనే ఇద్దరు డాక్టర్లు వర్ణించిన ఊపిరి ఇది. వాళ్ళ పేర్లతోనే వైద్యగ్రంథాల్లో వుంది. గొంతులో గురగుర వస్తుంది. మన ఊళ్ళలో పెద్ద ముత్తయిదువులు దీన్ని చూసి "ఇంక కబురు పెట్టండి" అనేవారు. తెలియని కోడలు మాత్రం ఆ శబ్దం విని మామగారికి ఊపిరాడక నరకం పడుతున్నాడని గుండెలు బాదుకుంటుంది. ఆ స్థితిలో వున్న మనిషికి ఆ శబ్దం వల్ల సాధారణంగా బాధ వుండదని, పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుందని పక్కనున్న మనిషి నెమ్మదిగా చెప్పగలగాలి. చెప్పాలంటే తనకు తెలిసివుండాలి. ఇదే శిక్షణ.

తిండి సంగతి మన డెల్టాలో మరీ చిక్కు. వరి పండించే నేల. అన్నం పెట్టటమే ప్రేమ అని నమ్మే జనం. రోగి నోరు తెరవకపోతే ఇంటివాళ్ళు గంజి, జావ, కొబ్బరినీళ్ళు చెంచాతో పోస్తూనే వుంటారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మానేసినందుకు ఆయన పోతున్నాడని వాళ్ళ భయం. పోయే శరీరం అన్నం అడగటం మానేస్తుందని వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పటం, అదీ వాళ్ళను దోషులుగా నిలబెట్టకుండా చెప్పటం ఒక గంట పాఠం కాదు. తులసినీళ్ళ విషయమూ ఇంతే. చివరి క్షణంలో నోట్లో తులసితీర్థం పొయ్యకపోతే జీవితాంతం కుమిలిపోయే కొడుకులున్నారు. శిక్షణ పొందిన మనిషి ఆ గిన్నె లాగేసుకోదు. దూదిగుడ్డను ఆ నీళ్ళలోనే ముంచి పెదవులకూ చిగుళ్ళకూ అద్దమంటుంది. పొలమారదు, కొడుకు మనసూ నిలుస్తుంది. నేను నాస్తికుణ్ణి. అయినా ఈ ఏర్పాటులో నాకు అభ్యంతరం కనిపించలేదు. 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకు చేరిన గోరాగారి నాస్తిక కేంద్రం మూఢాచారాల మీద పోరాడిన ఊరు మాది. ఆ పోరాటానికీ, చావు మంచం దగ్గర ఒక కొడుకు చేతిలోని గిన్నె లాక్కోవటానికీ చాలా దూరం వుంది.

ఇక చెవుల పని. ఉన్నత శిక్షణలో సగం కాలం దీనికే పోతుంది. తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో చావుకు ముందు ఒక నాటకం నడుస్తుంది. డాక్టరు కొడుక్కి చెబుతాడు. కొడుకు "నాన్నగారికి చెప్పకండి, తట్టుకోలేరు" అంటాడు. తండ్రికి తన ఒళ్ళే చెబుతుంది. కాని "పిల్లలు బెంగపడతారు" అని తెలియనట్టు నటిస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటూ, అడగాల్సిన మాట అడక్కుండా, పెట్టుకోవలసిన క్షమాపణ పెట్టుకోకుండా విడిపోతారు. పొలం పత్రాలు ఎక్కడున్నాయో కూడా చెప్పకుండా పోయినవాళ్ళున్నారు. దీన్ని ఛేదించటానికి మంచం దగ్గర మనిషికి నేర్పేది ఉపన్యాసం కాదు. "మీకేమనిపిస్తోందండీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవటం. నిజం తనంతట తాను చెప్పెయ్యకూడదు. అడిగితే అబద్ధం చెప్పకూడదు. రోగి ఎంత తెలుసుకోదలిచాడో అంతే. ఈ రెంటి మధ్య సన్నని గట్టు మీద నడవటం ఎలాగో నేర్పటానికి ఒకరు రోగిగా, ఒకరు కొడుకుగా, ఒకరు తోడుగా పాత్రలు వేసి ఆడిస్తారు. నాటకం మాన్పించటానికి నాటకం ఆడిస్తారన్నమాట!

ఈ పాఠం చదివినప్పుడు నాకు టాల్‌స్టాయ్ గుర్తొచ్చాడు. 1886లో అచ్చయిన "ఇవాన్ ఇల్యీచ్ మరణం"లో న్యాయాధికారి ఇవాన్ చుట్టూ భార్య, కూతురు, పేరుమోసిన డాక్టర్లు అందరూ అబద్ధం ఆడతారు. గెరాసిమ్ అనే రైతుబిడ్డ, ఇంట్లో పనివాడు, ఒక్కడే ఆడడు. యజమాని కాళ్ళు పైకెత్తి పట్టుకుంటే నొప్పి తగ్గుతుందంటే రాత్రంతా తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. మనమందరం పోవాల్సినవాళ్ళమే కదా, ఈ మాత్రం శ్రమకేమిటని తేలిగ్గా అంటాడు. అన్ని శిక్షణల సారమూ ఆ పనివాడిలో వుంది. అయితే మన విమర్శకులు ఇవాన్ ఆత్మఘర్షణ గురించి పుటలు రాస్తారు, గెరాసిమ్‌ను పల్లీయ నిర్మలత్వానికి ప్రతీక అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ప్రతీక అనటంతో ఆ కుర్రాడి భుజాలు ఎంత నొప్పిపెట్టాయో అడగవలసిన బాధ్యత తీరిపోయింది. ఆ రాత్రికి అతనికి అదనంగా కూలి ముట్టిందా?

ఇంతకన్నా మనకు దగ్గరివాడు మరొకడున్నాడు. శరత్ "దేవదాసు"ను తెలుగువాళ్ళకిచ్చినవాడు తెనాలి చక్రపాణి. 1953 సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చింది. దేవదాసు చివరి ప్రయాణంలో అతని పక్కన వున్నదెవరు? పార్వతీ కాదు, చంద్రముఖీ కాదు. పాండువా స్టేషను దగ్గర కిరాయికి మాట్లాడుకున్న ఎడ్లబండివాడు. దారంతా వెంటవున్నవాడు అతను. జమీందారు ఇంటిముందు చెట్టు కింద గడ్డి పరిచి పడుకోబెట్టినవాడు అతను. మూడు తరాల తెలుగు పాఠకులు దేవదాసు కోసం ఏడ్చారు. ఆ బండివాడి పేరు ఎవరూ అడగలేదు. శరత్ పెట్టనూలేదు.

సరే, మన డెల్టాలో ఇవాళ ఆ బండివాడెవరు? చాలాకాలం అది కోడళ్ళ పని, మొగుడు పోయి పుట్టింట్లో వుండిపోయిన ఆడపడుచుల పని. జీతం లేని పని. తర్వాత చదువులు, హైదరాబాదులు, అమెరికాలు వచ్చాయి. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ చుట్టుపక్కల పెద్ద మండువా ఇళ్ళలోనూ, విజయవాడ పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలోనూ ఇవాళ డెబ్భై ఎనభై ఏళ్ళ దంపతులు ఇద్దరే వుంటున్నారు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో. వాళ్ళ చివరి రోజుల్లో కూర్చోవటానికి దివిసీమ నుంచి, బందరు పక్క పల్లెల నుంచి ఆడవాళ్ళు వస్తున్నారు. "కేర్ టేకరు" అంటారు, "ఆయా" అంటారు. చాలామంది దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. మధ్యలో ఏజెన్సీ వుంటుంది. ఇంటివారిచ్చే డబ్బులో కమిషను పోగా మిగిలింది వీళ్ళ చేతికొస్తుంది. ఇరవైనాలుగు గంటల డ్యూటీ, మంచం పక్కన చాప, వంటింటి గడప దాటకూడని ఇళ్ళూ వున్నాయి. పెద్దాయన ఒళ్ళు తుడిచే చెయ్యి, ఆయన తాగే గ్లాసు ముట్టుకోకూడదు! ఇరవయ్యొకటో శతాబ్దంలో, రాజధాని ప్రాంతంలో ఇదీ స్థితి.

ఉన్నత శిక్షణ పాఠాల్లో ఇప్పుడు వీడియో కాల్ కూడా చేరింది. కొడుకు అమెరికా నుంచి ఫోనులో కనిపిస్తాడు. ఫోను ఎంత దూరంలో పట్టాలి, స్పృహలేని మనిషి చెవి దగ్గర ఎలా వుంచాలి, కొడుకు ఏడుస్తుంటే ఏం చెయ్యాలి అన్నవన్నీ నేర్చుకోవలసినవే. స్పృహలేని మనిషికి కూడా వినపడుతోందనే అనుకుని మాట్లాడమంటారు. అందుకే ఆ మంచం పక్కన ఆస్తి పంపకాలు మాట్లాడవద్దంటారు. ఈ నియమం మన జిల్లాలో ఎంతవరకు అమలవుతుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఫ్రీజర్ బాక్సు వస్తుంది, విమానం దిగేదాకా ఆగుతారు. ఈ బాక్సు పక్కన రెండురాత్రులు కూర్చునేది కూడా చాలాచోట్ల ఆ ఆయాయే.

అద్దె ఇళ్ళలో వుండేవారి సంగతి మరొకటి. నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలన్న నమ్మకం ఇంకా బలంగా వుంది. ఇంటి యజమాని తన ఇంట్లో అద్దెవాడి చావును ఒప్పుకోడు. ఆసుపత్రి నుంచి శవాన్ని ఇంటికి తేనివ్వడు. కొనప్రాణంతో వున్న మనిషిని వీధి వరండాలోకి, షెడ్డులోకి మార్చిన ఉదంతాలు మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆఖరి ఊపిరి విడవటానికి ఆరడుగుల నేల కూడా సొంతమై వుండాలి. హైదరాబాదులో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ లాంటిది ప్రతి డెల్టా పట్టణంలో ఎందుకుండాలో ఈ ఒక్క విషయం చాలు చెప్పటానికి. మంచం దగ్గర మనిషికి ఇంటి యజమానితో మాట్లాడటం కూడా నేర్పాలని నా సూచన. అమెరికన్ పాఠ్యప్రణాళికలో ఈ అధ్యాయం వుండదు.

నమూనాల కోసం అమెరికా దాకా పోనవసరం లేదు. 1993లో కోళికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు నొప్పి నివారణ సంఘం పెట్టారు. అది నాలుగ్గోడల ఆసుపత్రిగా మిగలలేదు. ఆటో డ్రైవర్లు, విద్యార్థులు, చిన్న దుకాణదారులు, గృహిణులు పదహారు గంటల పాఠం, నాలుగు రోజుల ప్రత్యక్ష అనుభవంతో కార్యకర్తలయ్యారు. ఇరుగుపొరుగు ఉపశమన సేవల అల్లిక తయారయింది. 2008లో కేరళ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారిగా ఉపశమన సేవల విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సు ఇంటికే వచ్చే ఏర్పాటు చేసింది. తెలుగువాళ్ళలో ఈ చదువుకు కేంద్రం హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. అక్కడ డాక్టర్ గాయత్రి పాలట్ నాయకత్వంలో ఉపశమన విభాగం పెరిగింది. డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ ఇస్తోంది. విజయవాడలో 1986 నుంచీ ఆరోగ్య విశ్వవిద్యాలయమే వుంది. ఆసుపత్రులకు లోటులేని ఊరు మాది. సూర్యారావుపేటలో నడిస్తే బోర్డులు బోర్డులను తోసుకుంటాయి. ఆపరేషను బల్లలున్నంత ధారాళంగా, చివరి రోజులు గడపటానికి మంచాలు లేవు. హెచ్.ఐ.వి. విజృంభించిన రోజుల్లో వాసవ్య మహిళా మండలి కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి, బంధువులే ముట్టని రోగుల దగ్గర కూర్చున్నారు. ఈ ఊరికి ఆ అనుభవం వుంది.

నొప్పి గురించి ఒక మాట చెప్పకపోతే ఇదంతా కబుర్లే అవుతుంది. కేన్సర్ నొప్పితో అరుస్తున్న మనిషితో జీవితం అర్థం గురించి మాట్లాడలేం. మార్ఫిన్ మాత్ర కారుచౌక. దానికి ముడిసరుకైన నల్లమందు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. మన దేశం దాన్ని ఎగుమతి చేసింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మాత్రం ఒక్క మాత్రకు ఎన్నో లైసెన్సులు పెట్టి, ఆసుపత్రులు అసలు ఆ మందు ఉంచుకోవటమే మానేసేట్టు చేసింది. మరుసటి ఏడే, 1986లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే పద్ధతి ప్రకటించింది! 2014లో చట్టం సవరించి ఒకే లైసెన్సు చాలన్నారు. మధ్యలో పోయిన ఇరవైతొమ్మిదేళ్ళు రోగులు అరిచిన ఏళ్ళు. మనం మందు ఎగుమతి చేసి, నొప్పి అట్టేపెట్టుకున్నాం. మంచం దగ్గర మనిషి మందు ఇవ్వకూడదన్నాను. కాని నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అడిగి, రాసి, నర్సుకు కబురు చెయ్యవలసింది ఆ మనిషే.

చట్టం కూడా పాఠంలో భాగమే. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించటం జీవించే హక్కులో భాగమని చెప్పి, తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందుగా రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని కొంత తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి చాలు. ఇంజక్షనిచ్చి చంపటానికీ దీనికీ సంబంధం లేదని ప్రతి ఇంట్లోనూ విడమర్చి చెప్పవలసి వస్తుంది. అప్పుచేసి వెంటిలేటరు మీద పదిరోజులుంచి, పొలం అమ్మి బిల్లు కట్టిన కుటుంబాలకు ఈ తీర్పు సంగతి ముందుగా చెప్పేవాళ్ళు లేకపోయారు.

నాకు భయం వున్న చోటు చెబుతాను. శిక్షణ అనే మాట విని మనం వెంటనే సంతోషపడకూడదు. మంత్రసానులకు కూడా ప్రభుత్వం శిక్షణ ఇచ్చింది. కత్తెర, సబ్బు, దారం వున్న పెట్టె చేతికిచ్చింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి కాన్పులన్నీ ఆసుపత్రికి మళ్ళాక ఆ స్త్రీల గతి ఏమిటని అడిగినవారు లేరు. ఆసుపత్రి కాన్పు వల్ల తల్లుల ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. ఆ విద్యనంతా మోసిన చేతుల్ని మాత్రం ఊరికే వదిలేశాం. ఇప్పుడు 2018 తర్వాత ఆరోగ్య కేంద్రాల పనుల్లో వృద్ధుల సేవ, ఉపశమన సేవ కూడా చేర్చి, ఆ భారం ఆశా కార్యకర్త సంచిలో వేశారు. ఆమెకిచ్చేది జీతం కాదు, పారితోషికం. చనిపోయేవారి దగ్గర కూర్చోవటం "సేవ" అని పొగిడినకొద్దీ కూలి అడగటం కష్టమవుతుంది. సేవ అన్న మాటను మన రచయితలు కూడా కొంచెం జాగ్రత్తగా వాడాలి.

దీనికి మన ఉద్యమ చరిత్రలోనే ఒక దారి వుంది. నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి పల్లెల కుర్రవాళ్ళను చేరదీసి వైద్యం నేర్పి ఊళ్ళకు పంపాడు. చదువు పై నుంచి కిందికి దానం చెయ్యలేదు. పనిచేసేవాడికి అతని పనిలోనే నేర్పాడు. మంచం దగ్గరి శిక్షణ కూడా ఇప్పటికే ఆ మంచం దగ్గర వున్న ఆయాలతో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు సర్టిఫికెట్టుతో కొత్తగా ఒక మధ్యతరగతి వృత్తి తయారుచేసి, ఆయాను ఆమె కింద దుప్పట్లు మార్చటానికి పెట్టటం కంటే అన్యాయం వుండదు.

గుడివాడ దగ్గర ఒక ఇంట్లో అలాంటి ఒకామెను చూశాను. ఏడో తరగతి చదివింది. ఆ ఇంటికి వచ్చిపోయే నర్సు హైదరాబాదులో శిక్షణ పొందిన మనిషి. ఈమెకు ఊపిరి లెక్కపెట్టటం, నొప్పి అంకె అడగటం, జరిగింది జరిగినట్టు రాయటం నేర్పింది. "మీకనిపించింది రాయొద్దు, చూసింది రాయండి" అని చెప్పిందట. మన కథా కార్యశాలల్లో గంటలకొద్దీ చెప్పి కూడా మనం పిల్లలచేత చేయించలేకపోతున్న పని అది. ఆమె రూళ్ళ నోటుబుక్కు చూపిస్తూ, "తప్పులుంటాయి మేష్టారూ, నవ్వకండి" అంది. చదివాను. రాత్రి పదకొండుంబావు, కుడివైపు తిప్పాను. పన్నెండున్నర, మంచినీళ్ళన్నారు, దూదితో అద్దాను. ఒంటిగంట ఇరవై, నొప్పి ఆరు అన్నారు, నర్సమ్మకు ఫోన్ చేశాను. రెండు, చెరువుగట్టు మీద చింతచెట్టు కొట్టేశారా అని అడిగారు, నాకు తెలవదండీ అన్నాను, పొద్దున కనుక్కుంటానన్నాను. మూడు పది, ఊపిరి ఆగి ఆగి వస్తంది, చెయ్యి పట్టుకున్నాను. నాలుగు, చింతచెట్టు అన్నారు.

తర్వాతి పేజీలో మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్క గీత వుంది. ఉన్నదనే కనుక్కొచ్చాను, చెప్పాను, కళ్ళు తెరిచారు అని. ఆ నోటుబుక్కు కాపీ చేసుకుంటానని పదిహేను రోజుల తర్వాత అడిగితే తన దగ్గర లేదంది. డ్యూటీ గంటల లెక్క తేల్చాలని ఏజెన్సీవాళ్ళు తీసుకున్నారట. ఆ నెల జీతం ఇంకా రాలేదు.